అడిగిన వెంటనే పని చేసిన సర్వరు

ఫిబ్రవరి 3, సోమవారం ఉదయం 9 గంటల 14 నిమిషాలకు కాకివంక ఎత్తిపోతల పథకం మోటారును వేయమని ఒక రైతు అడిగాడు. 9 గంటల 14 నిమిషాల 2 సెకన్లకు మోటారు తిరిగింది.

పథకం పంతొమ్మిదేళ్ల చరిత్రలో అడిగిన రోజే పని జరగడం అది మొదటిసారి. కల్లూరులోని పథకం కార్యాలయానికి ఈ సంగతి 10 గంటల 20 నిమిషాలకు తెలిసింది. 10 గంటల 40 నిమిషాలకు సబ్‌స్టేషన్‌లో కరెంటు తీయించి మోటారును ఆపించారు.

అడిగిన రైతు పేరు ఓబుళేశు. రెండున్నర ఎకరాల్లో ఉల్లి వేశాడు. పైరు గడ్డ ఊరే దశలో ఉంది. పది రోజుల్లో ఒక తడి అందకపోతే గడ్డ గోలీకాయంత దగ్గరే ఆగిపోతుంది. మోటారు ఆపేటప్పటికి నీళ్లు ఆయన చేనికి రెండు వందల గజాల దూరంలో ఉన్నాయి.

అంతకుముందు పద్ధతి ఇది. రైతు కల్లూరు వచ్చి అర్జీ ఇస్తాడు. దానికి గుమస్తా కొర్రీ వేసి తిప్పి పంపుతాడు. రైతు మళ్లీ వస్తాడు. పథకం చూసే ఇంజనీరు, అంటే డీఈ, సంతకం చేసి, ముప్పై ఎనిమిది కిలోమీటర్ల అవతల పంపుహౌసులో ఉన్న ఆపరేటర్ కంబన్నకు ఫోన్ చేస్తాడు. పంపుహౌసులో సిగ్నల్ లేదు. కంబన్న సాయంత్రం సిస్టర్న్ అనే ఎత్తైన నీళ్లతొట్టి మెట్లెక్కి, సిగ్నల్ అందాక, తనకు ఎవరెవరు ఫోన్ చేశారో చూసుకుంటాడు. సగటున పదకొండు రోజులు పట్టేది.

ఈ పదకొండు రోజులను తగ్గించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కార్యాలయంలో ఒప్పంద ఉద్యోగిగా ఉన్న సబీనా పంపుహౌసుకు కేబుల్ వేయించి, అక్కడ ఒక కంప్యూటర్ పెట్టి, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో నలభై ఒక్క లైన్ల సర్వరు ప్రోగ్రాం రాసింది. అది చేసే పని ఒక్కటే. ఊరి సచివాలయంలోని కంప్యూటర్ నుంచి రైతు ఫోన్ నంబరుతో ‘మోటారు వెయ్యి’ అన్న పిలుపు వస్తే, ఇది మోటారు వేసి, ‘వేశాను’ అని జవాబు పంపుతుంది. పిలిచేది ఒక కంప్యూటర్, చేసేది ఇంకొకటి. ఉత్తర్వు వచ్చింది కాబట్టి ప్రోగ్రాం రాయించారు. అది పని చేస్తుందని ఎవరూ చెప్పలేదు.

మోటారు ఎవరు వేశారని డీఈ అరుణ్ కుమార్ అడిగినప్పుడు కంబన్న ఇచ్చిన వాంగ్మూలం రికార్డులో ఉంది: “నేను ఎయ్యలేదు సార్. నేను టీ తాగతాండా. అదే యేసుకునింది.”

ఫిబ్రవరి 4న నాలుగు గంటల పాటు సమీక్ష జరిగింది. సర్వరు ఏ ఉద్యోగి హోదాలో మోటారు వేసిందో తేలలేదు. దాని పనికి ఫైలు నంబరు లేదు. డీఈ ప్రసంగించారు.

“సర్వరు పనితనాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఒక రైతు అడిగాడు, ఒక యంత్రం చేసింది. మధ్యలో కార్యాలయం ఎక్కడుంది? కార్యాలయం ఉండేదే ఆ మధ్యలో.”

చప్పట్లు కొట్టారు. సర్వరుకు కార్యాలయ పద్ధతులు నేర్పాలని తీర్మానించారు.

సబీనా ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు నేర్పింది. మొదటిసారి వచ్చిన ప్రతి పిలుపునూ సర్వరు కొర్రీతో తిప్పి పంపాలి. ఏ అర్జీకి ఏ కొర్రీ వేయాలో నియమం ఏమిటని ఆమె గుమస్తాలను అడిగింది. నియమమేమీ లేదన్నారు. అందుకని వాడుకలో ఉన్న పద్నాలుగు కొర్రీలను ఒక జాబితాగా రాసి, ఏదో ఒకటి తీసుకునేలా పెట్టింది. ‘సంతకం సరిపోలడం లేదు’ అనేది వాటిలో ఒకటి. కంప్యూటర్ పిలుపుకు సంతకం ఉండదని ఆమె చెప్పింది. అందువల్లే సరిపోలడం లేదని గుమస్తాలు వివరించారు.

రెండోసారి వస్తే ‘పరిశీలనలో ఉంది’ అనాలి. మూడోసారీ, ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అంతే. రెండు సెకన్లలో జవాబిస్తే చదవకుండా ఇచ్చారన్న అపవాదు వస్తుంది కాబట్టి, ప్రతి జవాబుకూ ముందు పదిహేడు నిమిషాలు ఆగాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా భోజన విరామం. అంతసేపు ప్రోగ్రాంను నిద్రపుచ్చే ఆజ్ఞ పైథాన్‌లో ముందు నుంచే ఉందని సబీనా చెప్పినప్పుడు, ఆ భాష మన అవసరాలు తెలిసినవాళ్లు చేసిందేనని డీఈ మెచ్చుకున్నారు.

ప్రోగ్రాం మూడు వందల ఆరు లైన్లయింది.

ఫిబ్రవరి 10న ఓబుళేశు షేర్ ఆటోలో కల్లూరు వచ్చాడు. అప్పటికి ఆయన ఆరుసార్లు అడిగాడు. ఒక కొర్రీ, అయిదు పరిశీలనలు వచ్చాయి.

“ఏం పాపా, మొన్న ఎయ్యమంటానే యేసింది గదా. ఇప్పుడేమొచ్చె దానికి? జరమా?”

“బాగనే ఉండాది మామా. దానికి ఉద్యోగమొచ్చింది.”

“నా ఉల్లిగడ్డకు ఇంగ మూడు దినాలే పాపా. నవ్వులాట గాదు.”

“నేను నవ్వుతాండానా?” అంది సబీనా. ఆమె నవ్వడం లేదు. ఆయన అర్జీని డీఈ బల్ల మీద పెట్టింది. కంప్యూటర్‌లో పరిశీలన జరుగుతుండగా కాగితం మీద చర్య తీసుకోవడం కుదరదని డీఈ రాసి పంపారు.

ఫిబ్రవరి 12 ఉదయం కాలువలో నీళ్లొచ్చాయి. ఓబుళేశు పార తీసుకుని పరుగెత్తాడు. ఆయన చేనికి తిరిగే తూము మూసి, తాళం వేసి ఉంది. నీళ్లు నేరుగా దిగువనున్న మామిడి తోటకు పోతున్నాయి. ఆ తోట, ఆ ప్రాంతపు నాయకుడొకరిది. మామిడి పూత మీద ఉంది. పూత మీద తడి పెట్టకూడదని ఓబుళేశు కంబన్నతో అన్నాడు.

“ఆయప్ప అడిగినాడు, సర్వరు ఇడిసింది. నడిమధ్యలో నాకేం తెల్సప్పా?” అన్నాడు కంబన్న.

ఆ మధ్యాహ్నమే ఓబుళేశు మళ్లీ కల్లూరు వచ్చాడు. సబీనా ప్రోగ్రాంలో 212వ లైను చూపించింది. ఒక ఫోన్ నంబరు నుంచి పిలుపు వస్తే కొర్రీ, పరిశీలన, భోజన విరామం ఏవీ లేకుండా మోటారు వేయాలని ఆ లైను చెబుతుంది. అత్యవసర సందర్భాల కోసం మౌఖిక ఆదేశంపై రాసిన లైను అది.

“ఈ ఒక్క లైను దీసేస్తే?” అన్నాడు ఓబుళేశు.

“అందరూ సమానమైపోతారు మామా. ఆయనకూ కొర్రీ పడతాది. ఆయనకు పడితే వారం తిరక్కముందే కొర్రీలన్నీ వాళ్లే తీసేపిస్తారు. నువ్వు అర్జీ ఇయ్యి, ఆ లైను తీసేయమని. ఒక్కటన్నా వస్తే నేను పైకి పంపేదానికి ఉంటాది.”

ఓబుళేశు తెర మీద ఆ నంబరుకు వేలు ఆనించాడు.

“ఆ నంబరు పక్కన ఇంగొగ నంబరు పడతాదా పాపా?”

“ఎన్నైనా పడతాయి.”

“అట్లయితే నాది యెయ్యి.”

ఆమె తన చేతిలో లేదంది. ఆయన తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. కార్యాలయం వరండాలో కూర్చుని, తన నంబరును 212వ లైనులో చేర్చవలసిందిగా అర్జీ రాసి ఇచ్చి వెళ్లాడు. దానికి కొర్రీ పడింది.

ఫిబ్రవరి 16న ఆయన ఉల్లి చేలోకి గొర్రెలను వదిలాడు.

నెలాఖరు నివేదిక ప్రకారం సర్వరుకు 1,306 పిలుపులు వచ్చాయి. అన్నిటికీ జవాబు వెళ్లింది. ఏదీ పెండింగులో లేదు. మోటారు నాలుగుసార్లు తిరిగింది. జవాబుదారీతనంలో ఈ కార్యాలయానికి జిల్లాలో మొదటి స్థానం దక్కింది. ప్రోగ్రాంను అధ్యయనం చేయడానికి కడప నుంచి అయిదుగురు ఇంజనీర్లు వచ్చారు. తమ దగ్గర 212వ లైను పొడుగ్గా ఉండాల్సి వస్తుందన్నారు. అహోబిలం దర్శనం చేసుకుని వెళ్లారు.

పథకం కింద 614 మంది రైతులున్నారు. ఫిబ్రవరి 28 సాయంత్రం 5 గంటల వరకు 212వ లైను గురించి 613 అర్జీలు అందాయి. అన్నీ తమ నంబరు చేర్చాలనే. లైను తీసేయమని ఒక్కటీ రాలేదు.