బల్బు ఆర్పకూడదు

దావా వేసేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: వీధి మలుపులో ఒక గొడుగుల దుకాణం, అందులో సగం వాటా, మిగతా సగానికి హక్కుదారుడైన తోడల్లుడు. బేరాలు బాగానే సాగుతున్నాయి. అంటే నాకు అప్పటికి బొత్తిగా లోకజ్ఞానం లేదన్నమాట!

అందుకే చెబుతున్నాను. వ్యాపారం చేసే ప్రతివాడూ బతుకులో ఒక్కసారైనా సివిల్ కోర్టు మెట్లెక్కాలి. వ్యాపారికి అంతటి విశ్రాంతి ఇంకెక్కడా దొరకదు.

ఈమధ్య చాలామంది నన్ను సలహా అడుగుతున్నారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఒప్పందం కాగితం మీద ఉండాలా, నోటిమాట చాలదా?

చాలదు! నోటిమాటైతే తగువు సాయంత్రానికల్లా తీరిపోతుంది. కాగితం ఉంటేనే అది మనవల దాకా నిలుస్తుంది.

మా కాగితం మేమే రాసుకున్నాం, ప్లీడరు ఫీజు మిగుల్చుకుందామని. "దుకాణం ముందు భాగం పెద్దల్లుడిది, వెనక భాగం చిన్నల్లుడిది." పెద్దల్లుణ్ణి నేను. మలుపులో దుకాణం కదా, పెద్ద రోడ్డు వైపు ఒక షట్టరు, సందు వైపు ఒక షట్టరు. జనం వచ్చేది పెద్ద రోడ్డు నుంచి కాబట్టి అదే ముందని నేను. కాదు, ముందు అంటే సందు వైపేననీ, పెద్ద రోడ్డు వైపుది వెనక భాగమనీ వాడు!

మా ఆవిడా, వాళ్లావిడా సొంత అక్కచెల్లెళ్లు. "బొమ్మా బొరుసూ వేసుకుని చావండి" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. చట్టం తెలియని మనుషులు!

కోర్టువారికి చట్టం తెలుసు. ముందు ఏదో తేలేదాకా యథాతథ స్థితి అన్నారు. ఎవరూ ఏదీ కదపకూడదు. షట్టర్లు దించి తాళాలు వేశాక చూస్తే, మూలనున్న అద్దాల కిటికీలోంచి లోపల బల్బు వెలుగుతూ కనబడింది. ఆర్పి వద్దామని తాళం తీయబోతే మా ప్లీడరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొంప ముంచుతారా ఏంటండీ! బల్బు ఆర్పితే స్థితి మారినట్టే కదా? అవతలివాళ్లు కోర్టు ధిక్కారం అంటారు."

"మరి కరెంటు బిల్లో?"

"అది కట్టుకోవచ్చండీ. దానిమీద స్టే లేదు."

అప్పటినుంచి మా బల్బు చట్టబద్ధంగా వెలుగుతోంది. వానొస్తే జనం మా చూరు కింద చేరి, అద్దంలోంచి గొడుగుల్ని చూస్తూ జల్లుకు తడుస్తారు. ఏ దుకాణం సరుకును జనం అంత ఆశగా చూస్తారు చెప్పండి?

రెండో ప్రశ్న: ఎన్నాళ్లు పడుతుంది? ఇది తొందరపాటు మనిషి అడిగే ప్రశ్న. ఒకసారి మా ప్లీడరుకు దగ్గు. ఒకసారి వాళ్ల ప్లీడరు ఇంట్లో పెళ్లి. ఒకసారి జడ్జిగారు సెలవు. ఇంకోసారి ఫైలు కనబడలేదు. ఒక్కసారి మాత్రం అందరూ వచ్చేశారు! ఏం చేయాలో ఎవరికీ తోచక, ఆ కంగారులో మళ్లీ వాయిదా వేశారు.

నా దగ్గర సరుకు వాయిదాల మీద కొన్నవాళ్లున్నారు. కట్టగా కట్టగా చివరికి ఏదో ఒకటి సొంతమవుతుందని నేనూ అలాగే నమ్మాను.

మొన్న వాయిదాకి కుండపోత. కోర్టు గుమ్మంలో నేనూ, తోడల్లుడూ నీళ్లోడుతూ నిలబడ్డాం. ఇన్ని గొడుగులకు యజమానులం, ఇద్దరి దగ్గరా గొడుగు లేదు!

"అన్నయ్యా, ముందు మీరు వెళ్లండి" అన్నాడు వాడు.

"ముందు అంటే ఎటురా?" అన్నాను.

ఇద్దరికీ నవ్వాగలేదు. అక్కడికక్కడే రాజీ కుదిరింది. బొమ్మ పడితే పెద్ద రోడ్డు నాది. మా ప్లీడరుకు చెబితే, ఆయన ముఖం ఆప్తులు పోయినట్టు వాడిపోయింది. "రాజీ పిటిషన్ వేద్దాంలెండి. కాకపోతే దానికీ వాయిదా పడుతుంది" అన్నాడు. పడింది!

తిరుగుదారిలో మా దుకాణానికి ఎదురుగా కొత్తగా వెలిసిన గొడుగుల షాపులో ఒక గొడుగు కొన్నాం. గల్లాపెట్టె ముందు కూర్చున్నది మా ప్లీడరుగారి బావమరిది. "మంచి సెంటరండీ, పోటీ లేదు" అన్నాడు, మా బల్బు వెలుగులోనే చిల్లర లెక్కపెడుతూ.

ఆఖరికి తేలిన లాభం: ఒక గొడుగు. అందులో సగం నాది, సగం వాడిది. ఏ సగం ఎవరిదో కాగితం మీద రాసుకోలేదు. ఇద్దరం మళ్లీ తడవకుండా ఇల్లు చేరాం.