వరసకు మామ

ఆ శుక్రవారం పొద్దున రాందాస్ సారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మిగిలిన లెక్కల పేపర్లు మధ్యాహ్నానికల్లా దిద్దెయ్యాలి. ఇంటికి పోయి భార్య పద్మమ్మ వండుతానన్న కోడికూరతో కడుపునిండా తినాలి. పొద్దుగూకేదాకా పడుకోవాలి. ఈ మూడింటిలో ఒక్కటీ జరగలేదు.

సూర్యాపేటలో మిషన్ వాళ్లు పెట్టిన టీచర్ ట్రైనింగ్ కాలేజీ పేరుకే కాలేజీ. రెండు పెంకుల గదులు, ఒక ప్రార్థన గది, వంటపాక. పోలీసు యాక్షన్ జరిగి ఇంకా ఏడాది తిరగలేదు. ఊళ్లల్లో, తండాల్లో కొత్త బడులు తెరుస్తున్నారు, చెప్పేవాళ్లు లేరు. సోమవారం లోపల పరీక్ష ఫలితాలు విద్యాశాఖ కచేరీకి చేరితే ఈ పిల్లలకు నౌకరీలు ఖాయం. లేకుంటే ఆ బడులు వేరేవాళ్లకు పోతాయి. తారా అనే లంబాడీ పిల్లకైతే సొంత తండాలోనే బడి అనుకున్నారు. ఆమె తండ్రి ఆ బడికోసం పాక కూడా వేయించాడు.

కొత్త ప్రిన్సిపాలు మిస్ ప్రిచర్డ్ క్రిస్మస్‌కు ముందు వచ్చింది. అందరూ ఆమెను దొరసానమ్మ అంటారు. మనసు వెన్న. కాని తెలుగును బెజవాడలో ఒక ముసలి పండితుడి దగ్గర నేర్చుకుంది కాబట్టి నోరు తెరిస్తే గ్రాంథికమే. వచ్చిన నెలకే ఆమె కాలేజీకి నిబంధనలు రాసింది. హాజరుకు ఇన్ని మార్కులు, నడవడికి ఇన్ని మార్కులు, ప్రార్థనలో కునికితే ఇంత కోత. వాటన్నిటిలో ఆమెకు ప్రాణమైన నిబంధన ఒకటుంది: బంధువుల పత్రములను బంధువులు దిద్దరాదు. ఇంతకుముందు పనిచేసిన చోట ఒక పంతులు తన బావమరిదికి నూటికి నూటపది వేశాడట.

రాందాస్ వరండాలో కూర్చుని ఎర్ర పెన్సిలుతో పేపర్లు దిద్దుతున్నాడు. అప్పుడే రూప్లా అనే విద్యార్థి వచ్చి, "మామా, నీకోసం పద్మమ్మత్త చాయ్ పంపింది" అని గ్లాసు పెట్టి పోయాడు. ఆ మాట వెనక నిలబడ్డ దొరసానమ్మ చెవిన పడింది.

"రాందాసు గారూ, ఈ బాలుడు తమకేమగును?"

పేపరులో రూప్లానే చేసిన ఒక ఘోరమైన భాగహారం మధ్యలో ఉన్న రాందాస్ తల ఎత్తకుండానే, "అల్లుడైతడమ్మా. ఈడున్నోళ్లంత నాకు అల్లుండ్లే, బిడ్డలే" అన్నాడు.

దొరసానమ్మ ముఖం పాలిపోయింది. ఆమె వంగి, ఆయన ముందున్న పేపర్లన్నీ ఎత్తుకుని తన గదిలోకి పోయింది.

జరిగింది అర్థమయ్యేసరికి రాందాస్ చాయ్ చల్లారింది. పరుగున పోయి, అది నిజం చుట్టరికం కాదనీ, ఉత్త వరస అనీ చెప్పాడు. దొరసానమ్మ నిఘంటువు తీసింది. 'వరస' దగ్గర 'బంధుత్వము' అని ఉంది. ఆమె ఆ పేజీని ఆయన వైపు తిప్పి చూపించింది. 

ఆమె అన్యాయం చేసే మనిషి కాదు. ఒక్కరి మాట మీద తీర్పు ఇవ్వడం ఇష్టం లేక పిల్లలందరినీ ఒక్కొక్కరినే పిలిచి, సారు మీకేమవుతాడని అడిగింది. బయట పిల్లల్లో ఇంకో మాట పాకింది. సారు పిల్లలను ప్రేమగా చూడడని ఎవరో అర్జీ పెట్టారనీ, అందుకే ఈ విచారణ అనీ. సారు నౌకరీ కాపాడాలని పిల్లలు గట్టిగా అనుకున్నారు. సొంత మామకంటే ఎక్కువ అని రూప్లా చెప్పాడు. కాక అని ఒకడు, పెద్దనాయన అని ఒకడు, బావ అని ఇంకొకడు. తారా అయితే కన్నీళ్లు పెట్టుకుని, కన్నబిడ్డ లెక్క చూస్తాడని చెప్పింది.

దొరసానమ్మ నల్లబల్ల మీద వంశవృక్షం గీసింది. వంటమనిషి జంగమ్మ, చరిత్ర చెప్పే లక్ష్మీనర్సయ్య సారును తమ్ముడంటుంది. రాందాస్ అదే లక్ష్మీనర్సయ్యను పెద్దనాయన అంటాడు. జంగమ్మేమో రాందాస్‌ను అన్న అంటుంది. ఆ లెక్కన రాందాస్‌కు మేనత్త కావలసిన జంగమ్మ ఆయనకే చెల్లెలయింది. దొరసానమ్మ ఆ గీతలను రెండుసార్లు చెరిపి మళ్లీ గీసింది. ఈ కాలేజీలో పేపరు దిద్దడానికి అర్హుడైన మనిషి ఒక్కడూ లేడని తేల్చింది. పిల్లల వాడుక రాత తనకెలాగూ అంతుపట్టదు.

మర్నాడు తెల్లవారుతుండగా, బయటివాళ్ల చేత దిద్దించాలని పేపర్ల కట్ట ఒళ్లో పెట్టుకుని ఆమె కోదాడ బస్సెక్కింది. దారి చెప్పడానికి రాందాస్ వెంట వెళ్లాడు, కట్టను మాత్రం ఆమె ముట్టుకోనివ్వలేదు. ముందురోజు కోడికూర ఎలాగూ చల్లారి పోయింది, ఇప్పుడు నౌకరీ కూడా పోయేటట్టుంది అన్న దిగులు ఆయనది. తనది పోతే పోనీ, తారాకు బడి పోతే ఆ తండా ముఖం ఎలా చూడాలన్నది అంతకంటే పెద్ద దిగులు.

కోదాడలో రామనర్సయ్య అనే హెడ్‌మాస్టరు ఉన్నాడు. కచ్చితమైన మనిషని పేరు. బస్సు ఆగగానే ఆయనే ఎదురొచ్చి, "ఏం బావా, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?" అని రాందాస్ భుజం మీద చెయ్యి వేశాడు. దొరసానమ్మ ఒక కాలు కింద పెట్టబోయి మళ్లీ లోపలికి తీసుకుంది.

ఇక మిగిలింది మిర్యాలగూడలో ముత్తయ్య సారు. రిటైరైన పరీక్షాధికారి. రాందాస్‌ను ఆయన ఎన్నడూ చూడలేదు, రాందాస్ ఆయన పేరు కూడా వినలేదు. ఈ మాట దొరసానమ్మ రాందాస్ చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి మరీ చెప్పించుకుంది. బస్సు దొరకక ఇద్దరూ వడ్ల బస్తాల లారీలో పోయారు. డ్రైవరు ఆమెను "పెద్దమ్మా, జర కాళ్లు జరుపు" అన్నాడు. ఆమె కాళ్లు జరిపింది గాని, ఆ మాటకు దారి పొడుగునా దిగులుగా కూర్చుంది.

ముత్తయ్య సారు విషయమంతా విన్నాడు. రాందాస్ వేసిన మార్కులు కనబడకుండా దొరసానమ్మ కాయితపు ముక్కలు అంటించిన పేపర్లు తీసుకుని అరుగు మీద కూర్చుని చకచకా దిద్దాడు. మార్కులు బాగా పడ్డాయి. తారాకు ఫస్టు క్లాసు వచ్చింది. రూప్లా భాగహారానికి కూడా ఏదో దక్కింది. దొరసానమ్మ కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

ఆమె కళ్లు తెరిచేలోపల ముత్తయ్య సారు భార్య లక్ష్మీనర్సమ్మ మజ్జిగ గ్లాసులతో వచ్చింది. ఇంటికొచ్చిన మనిషిని ఏ ఊరని అడగకుండా మజ్జిగ ఇవ్వడం ఆమె వల్ల కాదు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

రాందాస్ నేల చూపులు చూస్తూ, నడిగూడెమని చెప్పాడు.

"నడిగూడెమా? మాది మాడుగులపల్లి. మా సిన్నమ్మను నడిగూడెంలనే ఇచ్చిన్రు. ఏ ఇంటోళ్లు?"

రాందాస్ దొరసానమ్మ వైపు చూశాడు. అబద్ధం ఆడదామనుకున్నాడు. బైబిలు ఆమె ఒళ్లోనే ఉంది. "గుండెబోయినోళ్లం" అన్నాడు, వినీ వినపడకుండా.

"గొర్లకాపరి లింగన్న ఏమైతడు?"

"మా నాయన."

లక్ష్మీనర్సమ్మ గ్లాసులు కింద పెట్టి ఆయన గడ్డం పట్టుకుంది. లింగన్న ఆమె చిన్నమ్మ కొడుకు. అంటే తమ్ముడు. రాందాస్ ఆమెకు సొంత మేనల్లుడు. చిన్నప్పుడు ఆయన పుట్టువెంట్రుకలు తీసిన నాడు ఆమె ఒడిలోనే కూర్చోబెట్టారట. ఇది వరస కాదు, నిఘంటువుతో పని లేని చుట్టరికం.

దొరసానమ్మ లేచి నిలబడింది. పేపర్ల కోసం చెయ్యి చాపింది. కాని ముత్తయ్య సారు ఇవ్వలేదు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"జర ఆగున్రి. నువ్వు నాకు అల్లుడివైతే, ఈ పోరగాండ్లు నీకు అల్లుండ్లయితే, వీళ్లంత నాకు మనుమలే గద?"

దొరసానమ్మ నీరసంగా అవునంది. ఇప్పుడు ఈయన మార్కులు పెంచుతాడు, ఒక్కొక్కరికీ నూటపది వేస్తాడు అనుకుని గోడకు ఆనుకుంది.

ముత్తయ్య సారు మొదటి పేపరు తీసి, వేసిన మార్కు కొట్టేసి తగ్గించాడు. రెండోదీ తగ్గించాడు. తారా ఫస్టు క్లాసు సెకండ్ క్లాసయింది. రూప్లా భాగహారం మీద అడ్డంగా గీత పడింది. దొరసానమ్మ దగ్గరికి వచ్చి, తమరేమి చేయుచున్నారని అడిగింది.

"బయటోళ్ల పిల్లలనుకొని సూసీ సూడనట్టు పోయినమ్మా. మనోళ్లని తెల్సినంక తప్పు ఎట్ల ఇడుస్త? రేపు వీళ్లు బడిల తప్పు లెక్క సెప్తే ఎవల పేరు పోతది? నాది, అల్లునిది."

ఆమె అంటించిన కాయితపు ముక్కలను మెల్లగా ఒక్కొక్కటే ఊడదీసింది. కింద రాందాస్ అప్పటికే వేసిన ఎర్ర పెన్సిలు మార్కులున్నాయి. ముత్తయ్య సారు తగ్గించిన మార్కులకూ వాటికీ తేడా దాదాపు లేదు. కొన్నిచోట్ల రాందాసే ఇంకా పిసినారిగా వేశాడు.

దొరసానమ్మ చాలాసేపు నవ్వింది. ఆమె నవ్వగా రాందాస్ చూడడం అదే మొదలు. తరువాత లక్ష్మీనర్సమ్మ పెట్టిన జొన్నరొట్టె తింది. లక్ష్మీనర్సమ్మ ఆమెను "వదినె" అని పిలిచి ఇంకో రొట్టె వేస్తే వద్దనలేదు. అదేమి వరస అని మాత్రం రాందాస్‌ను చెవిలో అడిగింది.

సోమవారం పొద్దున్నే ఫలితాలు కచేరీకి చేరాయి. అందరూ పాసయ్యారు. తారాకు ఆమె తండాలో బడి ఖాయమయింది. రూప్లా పాసు మార్కుల గడప దాటాడు గాని కాలు గడపకు తగిలింది. మనోళ్లని తెలిశాక ముత్తయ్య సారు మార్కులు కోసిన సంగతి పిల్లలందరికీ పాకింది. ఆ సాయంత్రమే దొరసానమ్మ కొత్త నిబంధన రాసి నోటీసు బోర్డు మీద పెట్టింది: ఇకమీదట విద్యార్థుల పత్రములను వారి బంధువులే దిద్దవలెను.

మర్నాటి నుంచి ఆ కాలేజీలో రాందాస్‌ను మామా అని పిలిచినవాడు ఒక్కడూ లేడు.