మిల్లు ఇంజిన్ పడవ

మంగళవారానికి గోవర్ధన్ వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున ఎనిమిదింటికి పడవను ట్రాక్టరు ట్రాలీ మీద మిర్యాలగూడ నుంచి త్రిపురారం కాలువకు తేవాలి. తొమ్మిదింటికి నీళ్లలో దించాలి. పదింటికి మఠంపల్లి నుంచి బోట్లు నడిపే హరీష్ వస్తాడు, పడవ రయ్యిమని పోవడం చూస్తాడు, కృష్ణలో టూరిస్టులను తిప్పడానికి ఇలాంటివి ఇంకో మూడు కావాలంటాడు. పదకొండింటికి గోవర్ధన్ ఇంట్లో చేపల పులుసు తింటుంటాడు. ఇందులో మొదటి రెండూ అనుకున్నట్టే జరిగాయి.

గోవర్ధన్ ఇరవై రెండేళ్లుగా రైస్ మిల్లు ఇంజిన్ల మెకానిక్. మిల్లులన్నీ కరెంటు మోటార్లకు మారాక అతని షెడ్డులోకి పిల్లులు తప్ప ఎవరూ రావడం లేదు. ఆ సమయంలోనే, మూతపడ్డ ఒక మిల్లు జనరేటర్‌ది ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ దొరికింది. బర్రె అంత ఉంది. దాన్ని స్పీడు పడవకు ఎక్కిస్తానని హరీష్‌కు మాటిచ్చాడు. భార్య సుమిత్ర మాత్రం ముందే తేల్చి చెప్పింది.

"పడవ నడిచి, ఆయన కావాలన్నడంటే మంచిదే. లేకపోతే తెల్లారి పొద్దుగాల మా అన్న మిల్లుల కాంటా కాడ కూసుంటవ్. మా అన్నకు మాటిచ్చిన."

కాంటా దగ్గర కూర్చోవడమంటే ధాన్యం లారీలు తూచి చీట్లు రాయడం. అందులో తప్పేమీ లేదు. కానీ సుమిత్ర అన్న జనార్దన్ "ఏం మెకానిక్ సాబ్" అని పిలిచి, పక్కవాళ్లను చూసి నవ్వే రకం. ఆ నవ్వును రోజంతా భరించడం కన్నా కాలువలో దూకడం మేలని గోవర్ధన్ గట్టిగా నమ్మాడు.

అందుకే మూడు నెలలు ఆ ఇంజిన్ మీదే పడుకున్నాడు, లేచాడు. మిల్లులో ఉన్నన్నాళ్లూ దానిది ఒకటే స్పీడు. అది దాటకుండా గవర్నర్ అనే డబ్బా దాని చెవి పట్టుకుని ఉండేది. పడవకు ఆ స్పీడు ఏ మూలకని గోవర్ధన్ ఆ గవర్నర్‌ను పీకి పారేశాడు. రేడియేటరూ తీసేశాడు. చుట్టూ నీళ్లే ఉన్నప్పుడు ఇంజిన్ చల్లబడటానికి అదెందుకు? రెండంగుళాల పైపు ఒకటి పక్కనుంచి నీళ్లలోకి వదిలి, ఆ నీళ్లే ఇంజిన్‌లో తిరిగి బయటికి పోయేట్టు చేశాడు.

ఇంత తెలివీ ఉన్న మనిషి మిల్లు బుద్ధి మాత్రం వదులుకోలేదు. పునాది బోల్టులు బిగించకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదన్నది అతను నేర్చుకున్న మొదటి పాఠం. పడవకు పునాది ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని పడవ వెనక కొక్కేనికి లారీ గొలుసు తగిలించి, రెండో కొసను గట్టు మీది ట్రాక్టరుకు కట్టాడు.

"కట్టేసిన పడవ ఎట్ల నడుస్తదయ్యా?" అంది సుమిత్ర.

"ముందుగాల ఇంజిన్ కుదురుకోవాలె. కుదురుకున్నంక ఇడుస్త."

"డీజిల్ ఎంత వోసినవ్?"

"రెండు లీటర్లు. జర సేపు నడిపి సూస్తందుకు సాలు."

"మొదటిసారి ఖాళీ ట్యాంకుతోని మొదలువెడ్తరా ఎవలన్న? థూ!" అంటూ సుమిత్ర ట్రాలీలో ఉన్న రెండు డీజిల్ క్యాన్లూ ట్యాంకులో బోర్లించింది.

సరిగ్గా అప్పుడే సైకిలు మీద లస్కర్ నర్సయ్య వచ్చాడు. కాలువ తూములకు తాళాలు వేయడం, ఏ ఊరి నీళ్ల వంతు ఎప్పుడో చూడటం అతని పని. యాసంగి వరి పొట్ట మీదుంది. కాలువ నిండా నీళ్లు పోతున్నాయి, కానీ అవి అవతలి ఊళ్ల వంతు. ఈ గట్టు కింది పొలాల తూముకు తాళం పడి ఎనిమిది రోజులైంది. ఇలాంటప్పుడు కాలువలో పైపు కనపడితే నర్సయ్యకు పూనకమే.

"ఎవల్రా, కాలువల పైపేసింది?"

"నేనే నర్సన్నా. ఇది పడవ."

"పడవకు పైపెందుకు?"

"ఇంజిన్ సల్లవడాలె గద."

"ముప్పై ఏండ్ల నౌకరీ నాది. మోటరును గడ్డివాముల దాసినోన్ని సూసిన, పైపును సచ్చిన బర్రె కింద దాసినోన్ని సూసిన. నీళ్ల దొంగతనానికి పడవ ఏసం కట్టినోన్ని నిన్నే సూస్తున్న!"

గోవర్ధన్ ఎంత మొత్తుకున్నా నర్సయ్య వినలేదు. ఇంజనీరు సారుకు ఫోన్ కొట్టాడు, అది చాలనట్టు రైతుల గ్రూపులో ఫోటో కూడా పెట్టాడు. పావుగంటలో ముప్పై బండ్లు వచ్చాయి. అందరికన్నా ముందు పెంటమ్మ పార పట్టుకుని దిగింది. ఆమె రెండెకరాలు సరిగ్గా ట్రాక్టరు వెనకే, గట్టు కిందే ఉన్నాయి.

"నా మడి నెర్రెలువారి నోరు తెరిసింది. నువ్వు మిల్లు ఇంజిన్ వెట్టి నీళ్లు గుంజుకపోతవా? నీ సేతులిరుగ!"

"పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత, ఇది పడవ!"

"నాకు పడవ తెల్వదా? పడవ గిట్లుంటదా?"

ఇంతలో ఇంజనీరు జీపు ఒకవైపు నుంచి, హరీష్ కారు ఇంకోవైపు నుంచి వచ్చి ఆగాయి. ఇక నడిపి చూపడం తప్ప దారి లేదనుకున్నాడు గోవర్ధన్. ఒక్క గెంతులో పడవెక్కి, "సూడుండ్రి, పడవో కాదో!" అని స్టార్టర్ నొక్కాడు.

చెవి వదిలేసిన ఇంజిన్ చెవులు చిల్లులు పడేలా అరిచింది. పడవ ముందుకు లంఘించింది, గొలుసు ఠంగున బిగుసుకుంది, గోవర్ధన్ మాత్రం ఆగకుండా ముందుకు పోయి కాలువలో పడ్డాడు. ఇంజిన్ ఆపే మీట తను పారేసిన గవర్నర్ డబ్బాలోనే ఉండేదన్న సంగతి నీళ్లు మింగుతుంటే గుర్తొచ్చింది. నర్సయ్య అతన్ని కాలరు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు.

పడవ గొలుసును తెంచుకోవాలని గింజుకుంటోంది. గొలుసు లాగిన లాగుకు దాని వెనక భాగం పైకి లేచింది. పడవ వెనక తిరిగే పంకా తోసే నీళ్లు తాటిచెట్టంత ఎత్తున లేచి, ట్రాక్టరును దాటి, గట్టును దాటి, పెంటమ్మ మళ్లో దబదబా పడుతున్నాయి. ఎండిన నెర్రెలు గుటకలు వేస్తూ తాగుతున్నాయి. పెంటమ్మ పార దించేసింది.

ఇంజనీరు తడిసిన చొక్కాతో జీపు దిగాడు. "ఎవరిదీ పంపు? సీజ్ చేయండి!"

"పంపేంది సారూ?" అంది పెంటమ్మ. "పడవ గద. మూతి ముందటుంది, పంకా ఎనకుంది. పడవ గాకపోతే బర్రెనా?"

"పడవే సార్!" అన్నారు ముప్పై మందీ ఒక్క గొంతుతో. గోవర్ధన్ నోరు తెరుచుకుని చూశాడు.

"నువ్వే కదయ్యా ఫోన్ చేసింది?" అని ఇంజనీరు నర్సయ్య మీదికి తిరిగాడు. నర్సయ్య నీళ్లు ఎంతవరకు పారాయో చూశాడు. అవి పెంటమ్మ మడి నిండి, అతని సొంత ఎకరంలోకి దిగుతున్నాయి.

"దూరం నుంచి పొరవాటువడ్డ సార్. దగ్గరికొచ్చి సూస్తె పడవే."

"సరే, ముందు దాన్ని ఆపండి."

"ఆగదు సార్," అన్నాడు గోవర్ధన్ దీనంగా. "డీజిల్ ఒడవాలె."

"ట్యాంకు నిండ వోసిన సారూ," అంది సుమిత్ర భయపడుతూ. పెంటమ్మ ఆమెను దగ్గరికి తీసుకుని బుగ్గలు పుణికింది.

కాలువలో పంపులు పెట్టకూడదని రూలు ఉంది కానీ పడవల సంగతి ఎక్కడా రాయలేదు. ఇంజనీరు కాసేపు తల గోక్కుని, వంతు పత్రాలు తడిసిపోతున్నాయంటూ జీపెక్కి వెళ్లిపోయాడు. హరీష్ మాత్రం దగ్గరికి వచ్చాడు.

"బోటు గజం కూడా కదల్లేదన్నా. టూరిస్టుల్ని ఎక్కించుకుని నేనేం చేయాలి, తలంటు పోయించాలా?" అని కారు తిప్పుకున్నాడు.

గోవర్ధన్ తడిబట్టలతో గట్టు మీద కూలబడ్డాడు. మూడు నెలల కష్టం కళ్లముందే నీళ్లపాలైంది. ఏడుపు ఆగలేదు. "మీ అన్నకు ఫోన్ జెయ్. రేపు కాంటా కాడికొస్తనని చెప్పు," అన్నాడు.

సుమిత్ర ఫోన్ తీసేలోపే అది మోగింది. రెండు నిమిషాలు విని పెట్టేసింది.

"మా అన్ననే. కాలువ కింద ఆయన నాలుగెకరాలు గూడ ఎండుతున్నయట. గ్రూపుల వీడియో సూసిండు."

"నవ్విండా?"

"నవ్వలే. బావను కాంటా కాడ కూసోవెడ్తె నాకు పడవెవలు జేస్తరన్నడు."

గోవర్ధన్ తలెత్తి చూశాడు. ఎదురుగా రైతులు వరుసలో నిలబడ్డారు, ముందు పెంటమ్మ. నర్సయ్య తన వంతుల పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, జనార్దన్‌తో కలిపి పన్నెండు పేర్లు రాసుకున్నాడు. కింద ఒక్కటే షరతు పెట్టాడు: పడవ అంగుళం కూడా కదలకూడదు.