చిన్న క్యారియర్ల వల్ల లోకానికి కలిగిన మేలు

చిన్న క్యారియర్లను నిషేధించాలనే వాళ్లతో నాకు మాటల్లేవు. అవి లేకపోతే ఇంగ్లండులోని మా బోల్టన్‌లో సగం కాపురాలు ఏనాడో వీధిన పడేవి.

తెలియని వారి కోసం రెండు ముక్కలు. గురువారం సాయంత్రాలు మేం చర్చి హాల్లో బల్ల మీద నల్లగుడ్డ పరిచి, వేలెడంత తగరపు ఓడలతో అంతరిక్ష యుద్ధం చేస్తాం. ఇద్దరికీ పాయింట్లు సమానం. వాటితో ఎవరి దండును వారు కూర్చుకోవాలి. యుద్ధనౌక ఒక్కటే సగం పాయింట్లు మింగేస్తుంది. ఫైటర్లనే బుల్లి యుద్ధవిమానాలను మోసుకొచ్చే చిన్న క్యారియర్ మాత్రం కారుచౌక. పెద్ద క్యారియర్ వదిలినన్ని ఫైటర్లను ఇంచుమించు అదీ వదులుతుంది.

ఇది అన్యాయమా? కాదు, సమయపాలన. పూర్వం ఆట హాలుకు తాళం వేసేదాకా సాగేది. ఇప్పుడు క్లైవ్ ఎంట్విసిల్ తన చిన్న క్యారియర్లను గ్రహశకలం అనబడే బొగ్గుముక్క చాటున దాచి, ఫైటర్లను ఈగల్లా వదులుతాడు. టీ మరిగేలోపు నా యుద్ధనౌక పోతుంది. నేను ఇంటికెళ్లి కుక్కను తిప్పుతాను. కుక్క ఒళ్లు తగ్గింది. నా భార్య క్లైవ్‌ను దేవుడంటుంది.

ఆ నౌకకు చలికాలమంతా రంగు వేశాను. భూతద్దం పెట్టి కిటికీలు దిద్దాను. దాని ఫిరంగి ఇంతవరకు ఒక్కసారీ పేలలేదు. శాంతికాముకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

"దాన్ని పెట్టెలోంచి తీయడం దేనికి గురూ? మళ్లీ సర్దాలిగా" అంటాడు క్లైవ్.

"ఆ నోట్లో ఒక బిస్కెట్టు పడేసుకో నాయనా, కాస్త మూతపడుతుంది" అంటుంది డోరీన్. మా క్లబ్బు అధ్యక్షురాలు ఆవిడే, టీ కాచేదీ ఆవిడే.

నిబంధనలు మార్చి చూడలేదా అంటారా? ఫైటర్లకు ఇంధనం తగ్గించాం. క్లైవ్ ఇంకో క్యారియర్ తెచ్చాడు. వాటి దాడికి వేసే పాచికలు తగ్గించాం. ఇంకో రెండు తెచ్చాడు. దోమతెర కట్టిన కొద్దీ దోమలు లోపలే కాపురం పెట్టాయి.

చివరికి నాకు జ్ఞానోదయమైంది. యుద్ధనౌకను అల్మారాలో పెట్టి, నేనూ ఒక దండు చిన్న క్యారియర్లు కొన్నాను. కిటికీలు దిద్దలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి క్లైవ్ నా ముందు ఓడాలి. అంతే నా కోరిక.

వాటిని తీసుకెళ్లిన గురువారం వార్షిక సమావేశం. మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఓడిన రోజున నిబంధన మార్చమంటే ఎవరూ వినరు. ప్రతిపాదన ఇచ్చి, కోపం చల్లారేదాకా వార్షిక సమావేశానికి ఆగాలి. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. ఓటుకెత్తిన చేతులు దించగానే అమలు.

"చిన్న క్యారియర్‌కు ఒక్క ఫైటరే ఉండాలి. ప్రతిపాదన నార్మన్‌ది. లే నాయనా, చెప్పు" అంది డోరీన్.

నార్మన్ అంటే నేనే. ఆకురాలే కాలంలో, ఓడిన కోపంలో ఇచ్చాను. మరిచిపోయాను. క్యారియర్ల పెట్టె చంకలో పెట్టుకుని లేచాను. నాలుగు ముక్కలు నసిగి కూర్చుందామనుకున్నాను. కానీ ఇన్నేళ్లుగా కుక్కకు చెప్పుకుంటూ వచ్చిన ఉపన్యాసం అది. నోరు తెరిస్తే దానంతటదే వచ్చింది. డోరీన్ కళ్లు తుడుచుకుంది. అన్ని చేతులూ లేచాయి. ఆ హాల్లో నేను గెలిచింది అదొక్కటే.

క్లైవ్ కూడా చెయ్యెత్తాడు. తర్వాత తన పెట్టె తెరిచి యుద్ధనౌకను బయటికి తీశాడు.

"ఆ ఓడిన రోజున నువ్వు అంత గట్టిగా అడిగావు కదా గురూ. నీ మాట మీద గౌరవంతో తెచ్చాను."

కాబట్టి పాఠకులారా, చిన్న క్యారియర్లు లోకానికి వరం. వాటికి పూర్వవైభవం ఇప్పించాలని అక్కడికక్కడే డోరీన్‌కు కొత్త ప్రతిపాదన ఇచ్చాను. ఏడాది ఆగమంది.

ఆ రోజు ఆటలో నా క్యారియర్లన్నీ పోయేసరికి టీ ఇంకా మరగలేదు. ఇంటికెళ్లేసరికి కుక్క గొలుసు నోట కరుచుకుని గుమ్మంలో నిలబడి ఉంది.