అర సెకనులో మూసుకున్న కొట్టు

ఒక జాతి నాగరికమైనదా కాదా అని తేల్చడానికి ఈ రోజుల్లో ఒక్కటే పరీక్ష: బెల్లం దిమ్మ బొమ్మ ఫోను తెర మీదికి రావడానికి ఎంతసేపు పడుతుంది? ఈ పరీక్షలో అనకాపల్లి బెల్లం వర్తకుడు సన్యాసిరావు ఘోరంగా తప్పాడు. ఆయన వెబ్‌సైట్ తెరిస్తే ముందు దిమ్మ పైభాగం కనపడేది. కాసేపటికి నడుము. (ఓపిక ఉన్నవారికి) అడుగు. ఈలోగా కొనేవాడు పంచదార వైపు మళ్ళిపోయేవాడు.

అందుకని విశాఖపట్నం నుంచి ధనరాజ్ అనే వేగ సలహాదారుని పిలిపించాడు. (అతను గంట ఆలస్యంగా వచ్చాడు.)

"బొమ్మలన్నీ ఒక్క సర్వరే మోత్తంది సార్. అందుకే నీరసపడిపోతంది. కాపీలు తీసి వేరే సర్వర్లకి పంచీసేమనుకోండి, ఎవరికి దగ్గరున్న సర్వరు వాళ్ళకి చూపించేత్తది."

"ఏయే ఊళ్ళకి పంచుతావు?"

"ముంబై, సింగపూర్, ఫ్రాంక్‌ఫర్ట్."

"మరి రోలుగుంటకి?"

"అక్కడ సర్వర్లు లేవు సార్."

"కొనీవోళ్ళు అక్కడే ఉన్నారు కదా బాబూ!"

ధనరాజ్ జాలిగా నవ్వి పని మొదలుపెట్టాడు. సాయంత్రానికల్లా సైటు అర సెకనులో తెరుచుకోసాగింది. సన్యాసిరావు ఆ రోజు తన సైటును తానే నలభైసార్లు చూసుకుని మురిసిపోయాడు.

ఉగాది ముందర ఆయన భార్య రామతులసి తమ్ముడి కూతురి పెళ్ళి రావికమతంలో జరిగింది. కొట్టుకు ఒక్కరోజు సెలవు. "ఈరోజు కొట్టు మూసివేయబడినది" అని చేమంతుల అంచుతో ఒక ప్రకటన బొమ్మ తయారుచేయించి సన్యాసిరావు సైటులో పెట్టాడు. (తేదీ వేయలేదు. ఎప్పుడు చూసినా అది ఈరోజే.) మర్నాడు వచ్చి షట్టరు ఎత్తి, ప్రకటన తీసేశాడు. తీసేసింది తన సర్వరు మీద. మిగతా సర్వర్లు మాత్రం తమ కాపీలను భద్రంగా దాచుకున్నాయి. ఒకసారి విన్నమాటను మరిచిపోకుండా అందరికీ చెప్పడమే వాటి ఉద్యోగం.

ఆ మధ్యాహ్నం రోలుగుంట మిఠాయి కొట్టు త్రినాధరావు ఆటో దిగాడు. ఏటా ఉగాదికి సరుకు సన్యాసిరావు దగ్గరే తీసుకెళతాడు. కొట్టు ముందు నిలబడి, ఫోను చూసి, వెనక్కి తిరిగాడు.

"త్రినాధా! ఎక్కడికి బావా?" అని కేకేశాడు సన్యాసిరావు.

"మూసీసేవు కదా బావా. పక్క కొట్టుకెళ్తన్నాను."

"నీ ఎదురుగుండా కూకున్నాను! షట్టరెత్తి ఉంది, సూడు!"

త్రినాధరావు షట్టరును చూశాడు. ఫోనును చూశాడు. నమ్మదగ్గది ఏదో తేల్చుకున్నాడు. "ఇందులో రాసుంది బావా," అని వెళ్ళిపోయాడు.

గోడౌన్ నిండా దిమ్మలు. ఎండ ముదురుతోంది, బెల్లం చెమ్మగిల్లడం మొదలుపెట్టింది. సన్యాసిరావుకి అన్నం సయించలేదు. సర్వర్ల కంపెనీ సత్వర పరిష్కార విభాగానికి ఫోన్ చేస్తే ఉప పర్యవేక్షణాధికారిణి చాలా మర్యాదగా మాట్లాడింది.

"మా వివరాల ప్రకారం మీ కొట్టు మూసి ఉందండి."

"నేను కొట్టులోనే కూకుని మాటాడతన్నానమ్మా!"

"మూసిన కొట్టులో ఎందుకు కూర్చున్నారండి?"

తెరిచి ఉన్నట్టు ఫొటో పంపమందావిడ. పంపాడు. ఆ ఫొటో కూడా ఆ సర్వర్ల మీదుగానే వెళ్ళాలి కాబట్టి ఆవిడకు చేమంతుల ప్రకటన అందింది. తమ కొట్టు మూసి ఉన్నట్టు స్వయంగా ధ్రువీకరించినందుకు సంస్థ కృతజ్ఞతలు తెలిపింది.

"కాపీలు వాటంతటవే పాతబడి చెరిగిపోవాలి సార్," అన్నాడు ధనరాజ్ ఫోనులో. "ఇలాంటివాటిల్లో తొందరపడకూడదు."

ఆ రాత్రి రామతులసే దారి చూపించింది. "లోకమంతా మూసీసేరంటంటే మీ ఒక్కరి మాట ఎవులు వింటారు? షట్టరు దింపీండి. ఎనక తలుపు తియ్యండి."

మర్నాడు షట్టరు దిగింది. సన్యాసిరావు త్రినాధరావుకి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "నిజమే బావా, మూసీసేను. నీకు కావాలంటే మాత్రం ఎనకమాల సందులోకి రా," అన్నాడు.

త్రినాధరావు పరిగెత్తుకొచ్చాడు. పక్క కొట్లో కొన్నది చాలదన్నట్టు ఇంకో ఆటో నింపుకున్నాడు. "మూసీసిన కొట్లో సరుకిత్తన్నావు. నీ మేలు మర్సిపోను బావా," అన్నాడు కళ్ళు చెమర్చగా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని రోలుగుంట అంతా చెప్పాడు. మూడో రోజుకి వెనక సందులో జనం బారులు తీరారు. ఎవరూ బేరమాడలేదు. మూసిన కొట్టులో బేరమాడటం మర్యాద కాదు కదా. ఒక పెద్దమనిషి ఎమ్మార్వో సిఫారసుతో రెండు దిమ్మలు సంపాదించాడు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు, సగం సరుకు ఇంకా గోడౌన్‌లో ఉండగా, ధనరాజ్ ఉత్సాహంగా ఫోన్ చేశాడు.

"సార్, కాపీలన్నీ పాతబడిపోయేయి! అన్ని సర్వర్లలోనూ మీ కొట్టు తెరిచే ఉంది!"

"ఎంత పని జరిగిందిరా బాబూ!" అని సన్యాసిరావు కుర్చీలో కూలబడ్డాడు.

షట్టరు ఎత్తక తప్పలేదు. అనకాపల్లిలో సన్యాసిరావు బెల్లం కొట్టు తెరిచి ఉందన్న సంగతి ఇప్పుడు సింగపూర్‌లోనూ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ అర సెకనులో తెలిసిపోతోంది. తెరిచిన కొట్టుకు అంత తొందరగా వెళ్ళాల్సిన అవసరం ఏముందని రోలుగుంటలో అనుకుంటున్నారు.