మహాభుజుడికి వారసుడు

ఇరవై ఎనిమిదేళ్లుగా నగరాన్ని కాపాడుతున్న మహాభుజుడికి విశ్రాంతి కల్పించాలని బొమ్మల కథల పత్రిక యాజమాన్యం ఏకగ్రీవంగా తీర్మానించింది. అయితే ఆయన సేవలను గౌరవించి, వారసుడైన నవభుజుడితో కలిపి మూడు సంచికలు నడిపి, ఆపైన పాఠకుల అభిప్రాయం మేరకు సాగనంపాలని కూడా తీర్మానించింది.

ఆ సంగతి విన్నప్పటినుంచి బాబాయికి అన్నం సయించలేదు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. మహాభుజుణ్ణి మొదటి సంచిక నుంచీ గీస్తున్నది ఆయనే గనక, వీరుడి వెనకే తానూ వెళ్లాలని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

నవభుజుణ్ణి గీయడానికి కొత్తగా చేరిన అమ్మాయికి ఆయన బల్లలోనే సగం ఇచ్చారు. మొదటి పేజీ చూసి బాబాయి కళ్లజోడు తుడుచుకున్నాడు.

“ఏంటమ్మా, ఇన్ని చేతులు?”

“తొమ్మిదే బాబాయ్. నవభుజుడు కదా.”

“నవ అంటే ఇక్కడ కొత్త అనమ్మా.”

అమ్మాయి నాలిక కరుచుకుంది. “అచ్చుకి వెళ్లిపోయింది బాబాయ్.”

పైవాళ్లెవరూ తప్పు పట్టలేదు. పైగా సంపాదకుడు సభ పెట్టి, “బేసి సంఖ్యలో చేతులుండడం మన సంస్థ దూరదృష్టికి నిదర్శనం” అని ప్రసంగించాడు. తొమ్మిదో చెయ్యి ఏ వైపుదని ఒక్కరూ అడగలేదు.

బాబాయికి పట్టుదల వచ్చింది. రెండో సంచికకు తన జన్మలో గీయనంత గొప్ప బొమ్మ గీశాడు. కూలుతున్న వంతెనను మహాభుజుడు భుజాన మోస్తున్నాడు. పైన బస్సు దాటుతోంది. కిటికీ పక్కన ఒక ముసలమ్మ హాయిగా నిద్రపోతోంది. బస్సు దాటాక తన పేరైనా చెప్పకుండా వెళ్లిపోతాడు.

అమ్మాయి ఆ పేజీ వంక చాలాసేపు చూసింది. “ఇది నాకు నేర్పండి బాబాయ్” అంది. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మూడో సంచిక రాకముందే పాఠకుల అభిప్రాయాలు వచ్చాయి. సంపాదకుడు బాబాయిని పిలిచి కూర్చోబెట్టాడు.

“తొమ్మిది చేతుల మీద ఎవరికీ అభ్యంతరం లేదండీ. సహజంగా ఉన్నాయన్నారు. చిక్కంతా మీవాడితోనే. ఏమీ ఆశించకుండా అంతమందిని కాపాడాడంటే నమ్మేలా లేదట.”

“మరి ఏం ఆశించమంటారు?”

“ఏదో ఒకటి. పాఠకుడికి నమ్మకం కుదరాలి కదా.”

మూడో సంచికలోనూ బాబాయి వంతెనే గీశాడు. ఈసారి మహాభుజుడు ఒక భుజాన వంతెన మోస్తూ, రెండో చెయ్యి డ్రైవరు ముందు చాచాడు. ఆ చెయ్యి నిండేదాకా బస్సు కదలలేదు. ఆ ఒక్క చేతిని గీయడానికి బాబాయికి మూడు రోజులు పట్టింది.

మహాభుజుడి పదవీకాలాన్ని నిరవధికంగా పొడిగించారు. అభినందనలు బస్తాలకొద్దీ వచ్చాయి. చాలామంది రాసింది ఒకటే మాట: “ఇన్నాళ్లకు మా ఇంట్లో మనిషిలా ఉన్నాడు.”