ఏడు నెలలుగా తేలని టైరు సైజు

ప్రతి ఇంట్లోనూ టైరు సైజు తేల్చుకోలేని బావమరిది ఒకడు ఉండి తీరాలి! ఇది నా నిశ్చితాభిప్రాయం. లేనివాళ్ళు ఎవరినైనా దత్తత తీసుకోండి.

మా ఆవిడ తమ్ముడు ఏడు నెలల కిందట మా కారు తాళాలు అడిగాడు. మూతపడిన పాత రన్‌వే మీద ఆదివారాలు సరదా డ్రాగ్ రేసులు జరుగుతాయట. పక్కపక్కన రెండు కార్లు, తిన్నగా నాలుగొందల మీటర్లు, ముందు చేరినవాడిదే గెలుపు. రోడ్డు మీద తిరిగే మామూలు టైర్లతోనే దిగాలి. "సైజు ఒక్కటి సరిగ్గా చూసుకుంటే చాలు బావా, సాయంత్రానికల్లా కారు నీ వాకిట్లో ఉంటుంది" అన్నాడు. మాట తప్పలేదు. కారు వాకిట్లోనే ఉంది. నాలుగు చక్రాలూ ఊడదీసి, ఇటుకల మీద.

లాభాలు ఎన్నని చెప్పను! పెట్రోలు బంకు మొహం చూసి ఏడు నెలలైంది. ఒక్క చలానా లేదు, ఒక్క గీత పడలేదు. ఇంత క్షేమమైన రేసు కారు ఇంకెక్కడైనా ఉందా? దాని కింద పిల్లి రెండుసార్లు పిల్లల్ని పెట్టింది.

జ్ఞానం మాటేమిటంటారా? 205తో మొదలైంది. అది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. భోజనాల దగ్గర 225 అయింది.

"వెడల్పుంటే పట్టుంటుంది బావా. మరీ వెడల్పయితే బరువు. బరువుంటే బద్ధకం."

"మరి ఏది వేద్దాం?"

"అదే కదా ఆలోచిస్తున్నా!"

జన్మలో స్టీరింగు ముట్టని మా అత్తగారు కూడా, చూడ్డానికి నిండుగా ఉంటుందని 245 వైపు మొగ్గారు. గెలవబోయే కప్పు కోసం టీవీ పక్కన చోటు ఖాళీ చేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

మధ్యలో ఒకసారి సైజు తేలింది కూడా. బావమరిది ఎవరి దగ్గరో అడిగి పొట్టి టైర్లు తెచ్చి బిగించాడు. రన్‌వే మీద ఒకసారి దూసుకెళ్ళి, "బావా, స్పీడు పదిహేను పెరిగింది!" అని గావుకేక పెట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం. మాతో వచ్చిన టైర్ల షాపు మేస్త్రి మాత్రం స్టాప్‌వాచీ చూపించాడు. "చక్రం చిన్నదైతే ఎక్కువసార్లు తిరుగుతుంది సార్. స్పీడోమీటరు ముల్లు పరిగెత్తింది, బండి పరిగెత్తలేదు" అన్నాడు. మర్నాడు కారు మళ్ళీ ఇటుకలెక్కింది.

ఈలోగా నేను రెండు బస్సులు మారి, మిగతా దూరం నడిచి ఆఫీసుకు వెళ్తున్నాను. నడక ఆరోగ్యానికి మంచిది కదా! ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఉద్యోగం ఊడుతుందని మా మేనేజరు తేల్చి చెప్పేశారు. తేల్చి చెప్పే మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో, నాకు ముచ్చటేసింది. ఆ సంగతి మా ఆవిడకు చెప్పాను.

"వాడేమైనా జూదమాడుతున్నాడా? ఆలోచిస్తున్నాడు, అంతేగా!" అంది.

న్యాయమే. ఆలోచించేవాళ్ళను ఆపితే దేశం ఏమైపోతుంది?

మొన్న సోమవారం రెండో బస్సు తప్పిపోయింది. మేనేజరు గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీశారు. మొహం వెలిగింది. "ఏ సైజు వేస్తున్నారేమిటి?" అన్నారు. ఆదివారాలు ఆయనా ఆ రన్‌వే మీదే ఉంటారట! కుర్చీ చూపించారు. టీ తెప్పించారు. ఇక నా ఉద్యోగానికి ఢోకా లేదనుకున్నాను. ఆ ఉత్సాహంలో నోరు జారాను.

"మా అత్తగారు 245 అంటున్నారు సార్."

టీ కప్పు ఠక్కున కింద పెట్టారు. ఆయన 275 మనిషి. "ఇలాంటివాణ్ణి ఇన్నాళ్ళు ఎలా భరించానయ్యా!" అని కాగితం ముందుకు లాక్కున్నారు. ఆలస్యాన్ని క్షమించారు గానీ, 245ని క్షమించలేకపోయారు.

రేపు ఉదయం తొమ్మిదింటికి నాకు ఇంటర్వ్యూ ఉంది. ఊరికి ఆ చివర. అటు బస్సు లేదు. ఈ ఉద్యోగమూ చేజారితే ఇంట్లో నేను కూడా ఆలోచిస్తూ కూర్చోవాల్సిందే. అందుకని పైన చెప్పిన సిద్ధాంతానికి ఒక చిన్న సవరణ. ఒరేయ్ బావమరిదీ, మీ అక్క ఇది చదివేలోపు చెబుతున్నాను, బుద్ధిగా విను. పొద్దున్నకల్లా ఆ కారుకు నాలుగు టైర్లు తగిలించు. ఏ సైజైనా సరే నాయనా, గుండ్రంగా ఉంటే చాలు!